ఆన్‌లైన్‌లో డి అండ్ డి: మూడు ఊర్ల నుంచి నలుగురం, ఎలా మొదలెట్టాలి?

ప్రశ్న: డి అండ్ డి (డంజియన్స్ అండ్ డ్రాగన్స్; ఒకరు కథ నడిపితే మిగతావారు పాత్రలుగా ఆడే ఆట) ఆడదామనుకుంటున్నాం. ఇద్దరం శ్రీకాకుళం, ఒకరు బొబ్బిలి, ఒకరు విజయనగరం. ల్యాప్‌టాప్ ఒక్కటే, మిగతావి ఫోన్లు. అందరం కొత్తే. డబ్బులు పెట్టకుండా ఏది మేలు? ఫౌండ్రీ (ఆన్‌లైన్‌లో మ్యాపు పరిచి ఆడించే సాఫ్ట్‌వేర్) బాగుంటుందంటున్నారు, నిజమేనా?

జవాబు 1: ల్యాప్‌టాప్ ఉన్నవారే ఆట నడపాలి. అలాంటిదే రోల్20 ఉంది, దాని ఉచిత ఖాతా చాలు, బ్రౌజర్‌లోనే నడుస్తుంది. గేమ్ తెరిచి, క్యారెక్టర్ షీట్ (పాత్ర వివరాలు రాసుకునే పట్టిక) ఎంచుకొని, లింకు గ్రూపులో పెట్టండి. తేడా వచ్చేది మ్యాపు దగ్గరే. మామూలుగా గడికి 70 పిక్సెళ్లు, అంటే ఆటలో 5 అడుగులు. 20×15 గళ్ల మ్యాపుని 1400×1050కి సరిచేయాలి. లేదంటే బొమ్మలో గళ్లు, తెర మీది గళ్లు కలవవు; బాణం అందుతుందా లేదా అని తగువే. మ్యాపుని మ్యాప్ లేయర్‌లోనే (అడుగు పొరలోనే) పెట్టండి. టోకెన్ల (పాత్రల బిళ్లల) లేయర్‌లో వదిలేస్తే టోకెన్ లాగబోయి మ్యాపునే లాగేస్తారు. ఫోన్లో మ్యాపు ఇరుకే మరి.

జవాబు 2: ఫౌండ్రీ మంచిదే గానీ మీకిప్పుడొద్దు. లైసెన్సు ఆట నడిపేవారొక్కరు ఒకసారి కొంటే చాలు. కాకపోతే ఇంట్లో మీ కంప్యూటర్ మీదే హోస్ట్ చేస్తే రౌటర్‌లో 30000 పోర్టు (బయటివాళ్లు లోపలికొచ్చే దారి) తెరవాలి. కనెక్షన్ సీజీనాట్ (ఒకే ఐపీ అడ్రసుని చాలామందికి పంచే పద్ధతి) వెనకుంటే రౌటర్‌లో ఏం మార్చినా బయటివాళ్లు రాలేరు. ఫోన్లకైతే సరిగ్గా కుదరదు.

జవాబు 3: మాటలకి డిస్కార్డ్ పెట్టుకుని రోల్20 ఆడియో ఆపేయండి, రెండూ ఉంటే మాట రెండుసార్లు వినిపిస్తుంది. రూల్స్‌కి ఎస్‌ఆర్‌డి 5.1 (ఆట ముఖ్య రూల్స్ ఉన్న పత్రం) ఉచితం, 2023 జనవరిలో క్రియేటివ్ కామన్స్ (ఎవరైనా వాడుకోగల లైసెన్సు) కింద ఇచ్చారు. మొదటి లెవెల్లో ముగ్గురికి రెండు గాబ్లిన్లు (చిన్న రాక్షసులు) చాలు. మూడో దాన్ని దించితే 2014 డంజియన్ మాస్టర్స్ గైడ్ (ఆట నడిపేవారి పుస్తకం) లెక్కలోనే అది ప్రాణాంతకం!

ప్రశ్న వేసినవారు: సరేనండి, రోల్20తోనే. రెండు గాబ్లిన్లే.