"ఈ లోక మర్యాద"లో 'ఈ' ఎవరిది?

అరసున్న: పాత బైబిలు వాక్యం ఒకటి సగమే నోటికొస్తోంది. "లోక మర్యాదను ... రూపాంతరము పొందుడి." మధ్యలో "మీరక"నా, "అనుసరింపక"నా? మర్యాద వద్దనడమేంటో కూడా అంతుపట్టట్లేదు.

పాతపుటలు: రోమా 12:2. "మీరు ఈ లోక మర్యాదను అనుసరింపక". వాక్యం మొదట్లోని సర్వనామాన్ని క్రియ చేసేశారు :) "మర్యాద మీరడం" చెవిలో ఉంటే అలాగే వినబడుతుంది. ఇక్కడ మర్యాదంటే నడవడి, రివాజు.

శకటరేఫం: రివాజు తర్వాతి అర్థమండీ, అసలుది హద్దు. "ఆ" అనే ఉపసర్గ మీద పాణిని సూత్రం "ఆఙ్ మర్యాదాభివిధ్యోః" చూడండి. అభివిధిలో హద్దు కూడా లోపలిదే, మర్యాదలో హద్దుకి ఇవతలే ఆగాలి. లోకం గీసిన గీత అన్నమాట. గీత అనగానే, కులమతాల గీతల్లో ఇమడనన్న జాషువా "విశ్వనరుడ నేను" గుర్తు రావాలి కదా!

పాతపుటలు: సూత్రం బాగుంది గానీ ఇక్కడ అతకదు. హద్దుని పాటిస్తారు, దాటతారు, "అనుసరించరు". "అనుసరింపక"కి మూలమైన గ్రీకు క్రియలో ఉన్నది స్కీమా, పైరూపు. ఆ క్రియ కొత్త నిబంధనలో మళ్ళీ 1 పేతురు 1:14లోనే వస్తుంది, అక్కడా "అనుసరించి" అనే వేశారు. అసలు తకరారు "ఈ" దగ్గర. మూలంలో కోస్మోస్ (లోకం) కాదు, ఐయోన్, అంటే యుగం. "ఈ" దానికే విశేషణం. కాబట్టి [ఈ లోక] మర్యాద, అంటే ఈ యుగపు రివాజు. "ఈ [లోకమర్యాద]" అని చదివారో, కట్టూబొట్టూ రాగమూ పద్యమూ అన్నీ నిషేధాల పద్దులోకి పోతాయి.

ఛందోదాసు: అలా చదివేవాళ్ళు ఆ రోమా పత్రిక రాసిన పౌలునే మరిచిపోతారు. ఏథెన్సులో ఆయన ఎత్తుకున్నది గ్రీకు కవి అరాటస్ పాదం, అదీ గ్రీకుల దేవుడు జ్యూస్ మీద చెప్పింది (అపొస్తలుల కార్యములు 17:28). 1 కొరింథీ 10లో విగ్రహాలకి బలి ఇచ్చిన మాంసం సంగతైతే మరీ వివరంగా ఉంది. అంగట్లో కొంటే ఆరా తీయొద్దు. పిలిచినవాళ్ళింట్లో వడ్డించినా అంతే. "ఇది బలి ఇచ్చింది" అని ఎవరైనా చెబితే మాత్రం తినొద్దు, నీ మనస్సాక్షి కోసం కాదు, ఆ చెప్పినవాడి కోసం. దయ్యాల బల్ల దగ్గర అసలు కూర్చోవద్దు. మాంసం అదే, చోటును బట్టి తీర్పు మారింది. జనం మొదటిదో చివరిదో పట్టుకుని, మధ్యలో ఉన్న ఎదుటివాణ్ణి వదిలేస్తారు.

శకటరేఫం: జాషువాని మళ్ళీ దాటేశారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టినవాడు, కాశీ విశ్వనాథుడికి గబ్బిలంతో కబురంపాడు, అదీ మేఘసందేశం ఫక్కీలో. క్రీస్తు కథనీ పద్యాల్లోనే చెప్పి 1964లో సాహిత్య అకాడమీ బహుమతి తెచ్చుకున్నాడు. లోకమర్యాదని అనుసరించినట్టా, మానినట్టా?

ఛందోదాసు: పద్యం స్కీమా, లోపలిది మార్ఫే, అంటే అసలు రూపం! "రూపాంతరము"లో ఉన్నది మార్ఫేనే. మత్తయి 17:2లో కొండమీద జరిగిందీ అదే క్రియ.

పాతపుటలు: ఆ జంట మీద అంత బరువు మోపకండి. ఫిలిప్పీ 2:8లో క్రీస్తు "ఆకారమందు" మనుష్యుడుగా కనబడ్డాడన్న చోట ఉన్నది స్కీమాయే. అది పైపై వేషం అంటారా?

అరసున్న: "ఈలోక" అని కలిపి అచ్చేస్తే గొడవే ఉండదుగా?

శకటరేఫం: కలిపితే త్రికసంధి చెయ్యాలి, అంటే "ఈ" పొట్టిదై పక్క హల్లు ద్విత్వమవుతుంది, "ఇల్లోక". అప్పుడు "ఈ" లోకానికే అంటుకుంటుంది.

ఛందోదాసు: సంధి పక్క అక్షరాన్ని చూస్తుందండీ, అన్వయాన్ని కాదు. "ఇల్లోకమర్యాద"ని మళ్ళీ రెండు రకాలుగానూ విడదీయొచ్చు. పైగా త్రికసంధి బహుళం, జరిగి తీరాలనేం లేదు.