ఈ ఫైర్ డోర్ మూసుకుని చావట్లేదు, కాస్త చెప్పండి బాబూ

పాలకొల్లు పిల్లోడు:
పొద్దున్న తొమ్మిదింటి నుంచి ఇదే పని. ఎఫ్‌డీ30 ఫైర్ డోర్, దాన్ని తనంతట అదే మూసుకునేలా చేసే క్లోజర్ స్క్రూ అటు తిప్పా ఇటు తిప్పా, డోర్ వచ్చి వచ్చి చివర్లో వేలెడు సందు వదిలేసి ఆగిపోతోంది, చేత్తో తోస్తే గానీ ల్యాచ్ పడట్లేదు. ఇల్లు అద్దెకిస్తున్నా, శుక్రవారం గెస్టులు దిగుతున్నారు. క్లోజర్ మార్చేయాలా?

ముక్కుసూటి:
ఏ దేశం? ఎన్ని అంతస్తులు?

రిటైర్డ్ ఇంజినీర్:
నాయనా, ముందు మన దేశపు బిల్డింగ్ కోడ్, ఎన్‌బీసీ 2016 పార్ట్ 4 చదువు. ఎగ్జిట్ డోర్ ఎప్పుడూ బయటికే తెరుచుకోవాలి. నీది ఎటు తెరుచుకుంటోంది?

పాలకొల్లు పిల్లోడు:
ఇంగ్లండే కదండీ! మూడంతస్తులు, పైన లాఫ్ట్ రూమ్. ఇది కిచెన్ డోర్, ఎగ్జిట్ కాదు.

రిటైర్డ్ ఇంజినీర్:
మంటలప్పుడు పనికొచ్చే డోర్ ఏదైనా ఎగ్జిట్ డోరే.

లీడ్స్ వదిన:
కాదు మాస్టారూ, ఎగ్జిట్ మనం పారిపోవడానికి, ఫైర్ డోర్ మంటని, పొగని ఆపడానికి, 30 అంటే అరగంట. తమ్ముడూ, కిచెన్లో స్మోక్ అలారం పెట్టకు, హీట్ అలారం పెట్టు, మా ఇంట్లో తాలింపు వేసినప్పుడల్లా మోగి చంపేది. ఇంకోటి, సొంతంగా ఉన్నప్పుడు లేని బాధ ఒక్క రాత్రి అద్దెకిచ్చినా మొదలవుతుంది, ఇక్కడి 2005 ఫైర్ సేఫ్టీ ఆర్డర్ చట్టం కిందికి వచ్చేస్తావు. చిన్న అద్దె ఇళ్లకి 2023లో ప్రభుత్వం ఇచ్చిన గైడ్ గ్రౌండ్, ఫస్ట్ ఫ్లోర్ రెండంతస్తులు, నాలుగు బెడ్‌రూములు, పదిమంది గెస్టుల దాకే, నీ మూడంతస్తులకి సరిపోదు, ఫైర్ రిస్క్ అసెస్‌మెంట్ చేయించావా?

ముక్కుసూటి:
డోర్ చుట్టూ సందు మూసే సీల్ ఎక్కడ పెట్టావు?

పాలకొల్లు పిల్లోడు:
అది చెప్పలేదా? నిన్ననే బ్రష్ ఉన్న స్ట్రిప్ కొని ఫ్రేమ్ మీద చుట్టూ అంటించా, గాడి తీసే మిషన్ లేదు కదా అని.

ముక్కుసూటి:
ఆ స్ట్రిప్ 15 మి.మీ. వెడల్పు, 4 మి.మీ. మందం. సందు 3 మి.మీ. నాలుగు ఎలా పడుతుంది? గాడిలో కూర్చోవాలి అది. వేడికి ఉబ్బి సందు మూసేది స్ట్రిప్, అంతకుముందు వచ్చే పొగని ఆపేది బ్రష్. క్లోజర్ జోలికి పోకు.

కొత్త మెంబర్:
డోర్ అంచు చిత్రిక పట్టేస్తే పోలా?

ముక్కుసూటి:
వద్దు. కంపెనీ చెప్పినంతకు మించి గీస్తే అది ఫైర్ డోర్ కాదు.

రిటైర్డ్ ఇంజినీర్:
ఇంతకీ ఎటు తెరుచుకుంటోందో చెప్పలేదు.

పాలకొల్లు పిల్లోడు:
స్ట్రిప్ పీకా, ల్యాచ్ టపీమని పడింది 😅 థాంక్స్ అన్నా. గాడి తీయడానికి వడ్రంగికి ఫోన్ చేస్తున్నా, ఎత్తట్లేదు.

ముక్కుసూటి:
సీల్ పడేదాకా గెస్టుల్ని దించకు.