మూసీ వరద సీను: మినియేచర్‌లో నీళ్లు బొమ్మ నీళ్లలాగే కనిపిస్తున్నాయి, ఏం చేయాలి?

క్లాప్‌బోర్డు:
1908 మూసీ వరద మీద షార్ట్‌ఫిలిం. అఫ్జల్‌గంజ్ వీధిలోకి వరద దూసుకొచ్చే ఒక్క షాటు మినియేచర్‌లో, అంటే చిన్న బొమ్మ సెట్టులో తీయాలి. స్కేలు 1/6 (అసలులో ఆరో వంతు), వీధి వెడల్పు 4 అడుగులు. బకెట్లతో పోసి సెకనుకి 24 ఫ్రేముల్లో తీస్తే బాత్రూంలో నీళ్లు ఒలికినట్టుంది. ఎన్ని నీళ్లు కావాలి, ఎంత స్పీడులో తీయాలి?

నీటిబొట్టు:
స్కేలుకి వర్గమూలం తీసి 24తో గుణించండి. 6కి వర్గమూలం 2.45, అంటే సెకనుకి దాదాపు 60 ఫ్రేములు తీసి, 24లో చూపించాలి. ఉంది కదా అని 240 పెడితే నీళ్లు తేనెలా జారతాయి. షట్టర్ 1/120 సెకను. మామూలుకన్నా వెలుతురు రెండున్నర రెట్లు కావాలి. పైగా లెన్సు రంధ్రాన్ని ఎఫ్/11 దాకా మూయాలి, వీధి చివర మసకబారిందంటే బొమ్మ ఇల్లని ఇట్టే పట్టేస్తారు. కాబట్టి ఎండలోనే తీయండి. చవక ఎల్‌ఈడీలైతే ఫ్లికర్ కొడతాయి, అంటే వెలుతురు మినుకుమినుకుమంటుంది. లెన్సు నేలకి 10 అంగుళాల ఎత్తులో ఉంటే మనిషి నిలబడి చూస్తున్నట్టు వస్తుంది.

చుక్క సైజు మాత్రం స్కేలు మాట వినదు. గోడకి తగిలి చిందే బొట్టు తెర మీద నిమ్మకాయంత అవుతుంది. చిందే చోటికి ముందే కట్ చేయండి.

క్లాప్‌బోర్డు:
గిన్నెల సబ్బు కలిపితే చుక్క చిన్నదవుతుందట కదా?

నీటిబొట్టు:
అవుతుంది, కానీ చాలా కొంచెం. ఎక్కువైతే బుడగలు తేలతాయి, అవి చుక్కలకన్నా అన్యాయం. నురగ వస్తే ఆ నీళ్లు పారబోయడమే. రంగుకి ఎర్రమట్టి జల్లెడపట్టి కలపండి.

తూముగండి:
నీళ్ల లెక్క నేను చెప్తా. ప్లైవుడ్ పెట్టె, 4 అడుగుల పొడవు, 4 వెడల్పు, రెండున్నర లోతు: సుమారు 1100 లీటర్లు, అంటే టన్ను పైనే బరువు. బల్ల మీద వద్దు, ఇటుకల దిమ్మె మీద పెట్టండి. కుళాయిలూ పైపులూ పనికిరావు. వీధి వెడల్పంతా ఒకేసారి లేచే తలుపు ఉండాలి, దాని మీద దాదాపు 350 కిలోల తోపు ఉంటుంది కాబట్టి గొళ్లెం గట్టిది వేయండి. తలుపు లేచాక రెండు సెకన్లలో పెట్టె ఖాళీ. 60 ఫ్రేముల్లో అది తెర మీద అయిదు సెకన్లు, ఒక షాటుకి చాలు.

ఇళ్లు థర్మోకోల్‌తో చేశారా? అయితే కూలవు, తేలి పక్కకి జరుగుతాయి. ప్లైవుడ్ చట్రాన్ని అడుగుకి బోల్టు చేసి, కూలే గోడ ఒక్కటే ప్లాస్టర్ ఆఫ్ ప్యారిస్‌లో రంపపు పొట్టు కలిపి పోయండి. ఎండాక వెనకవైపు గీతలు కోస్తే అక్కడే విరుగుతుంది. కరెంటు బోర్డు సెట్టుకి దూరంగా, ఎత్తులో, ఈఎల్‌సీబీతో (కరెంటు లీకైతే సరఫరా ఆపేసే స్విచ్) ఉండాలి.

పాతబస్తీ:
ఒక్కమాట. వరద వచ్చిన సెప్టెంబర్ 28 నాటికి నది ఒడ్డున హైకోర్టు భవనం లేదు, ఇప్పుడున్న ఉస్మానియా ఆసుపత్రి కట్టడమూ లేదు. రెండూ వరద తర్వాత వచ్చినవే. జలాశయాలూ తర్వాతవే: ఉస్మాన్‌సాగర్ 1920లో, హిమాయత్‌సాగర్ 1927లో. పెట్టాల్సింది ఆసుపత్రి ఆవరణలో నేటికీ ఉన్న చింతచెట్టు. దాన్నెక్కి దాదాపు 150 మంది బతికారని చెప్తారు. ఎగువన చెరువులు తెగి వచ్చిన నీళ్లు కనుక, ముందు పాదాలు తడిపే నీరొచ్చి తర్వాత పెద్ద తోపు వచ్చేలా చూడండి. తలుపు రెండు విడతల్లో ఎత్తితే సరి.

క్లాప్‌బోర్డు:
హైకోర్టు గుమ్మటం మూడు వారాలు కూర్చుని చేశాం. తీసేస్తున్నాం.