అప్‌డేట్: నాన్న పాత ల్యాప్‌టాప్‌లో లినక్స్ మింట్ వేశాను

నాలుగు జీబీ ర్యామున్న నాన్న ల్యాప్‌టాప్ విండోస్ 11కి సరిపోదు, విండోస్ 10కి మామూలు సపోర్టు 2025 అక్టోబరు 14తో ఆగిపోయింది, విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ లినక్స్‌లో ఏ రకం వేయమంటారు అని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. ఎక్కువమంది మింట్ అన్నారు. పాత మెషీన్ల మీద తేలిగ్గా నడిచే ఎక్స్‌ఎఫ్‌సీఈ డెస్క్‌టాప్‌తో అదే వేశాను. 22 వెర్షన్‌కి 2029 దాకా అప్‌డేట్లు ఉండటం నన్ను బాగా ఒప్పించింది.

ఇన్‌స్టాల్ చేయకుండా ముందు పెన్‌డ్రైవ్ నుంచే మింట్ నడిపి చూడమన్నవాళ్లకి చాలా థాంక్స్. వైఫై కనబడట్లేదని అక్కడే తెలిసింది. లోపలున్నది బ్రాడ్‌కామ్ కంపెనీ వైఫై కార్డు, దానికి విడిగా డ్రైవర్ కావాలి. ఫోన్‌ని కేబుల్‌తో కలిపి యూఎస్‌బీ టెథరింగ్ ఆన్ చేస్తే నెట్ వచ్చింది. ఇన్‌స్టాల్ అయ్యాక డ్రైవర్ మేనేజర్ తెరిస్తే కావలసిన డ్రైవర్ తనే చూపించింది. రీస్టార్ట్ చేయగానే వైఫై వచ్చేసింది.

నా అసలు బెంగ తెలుగు టైపింగ్ గురించి. నాన్న ఏళ్ల తరబడి డీటీపీ చేసిన మనిషి, యాపిల్ కీబోర్డు (తెలుగు అక్షరాలు ఏ మీటలో ఉండాలో చెప్పే ఒక లేఅవుట్) తప్ప ఇంకోటి ఆయన వేళ్లకి రాదు. భారతీయ భాషల్లో టైప్ చేయడానికి పనికొచ్చే ఐబస్-ఎం17ఎన్ ప్యాకేజీ వేస్తే ఇన్‌స్క్రిప్ట్, ఆర్‌టీఎస్ అనే వేరే టైపింగ్ పద్ధతులతో పాటు యాపిల్ లేఅవుట్ కూడా దొరికింది! ఫాంట్స్-టెలు-ఎక్స్‌ట్రా ప్యాకేజీతో పోతన, వేమన ఫాంట్లు వచ్చాయి. లిబ్రేఆఫీస్‌లో ‘లక్ష్మి’, ‘రాష్ట్రం’ కొట్టి చూశాం. ఒత్తులన్నీ సరిగ్గా పడ్డాయి.

ఇక మిగిలినవి ఆయన పాత పేజ్‌మేకర్ (డీటీపీ సాఫ్ట్‌వేర్) ఫైళ్లు. అందులో తెలుగు ఇప్పుడు అన్ని కంప్యూటర్లలో వాడే యూనికోడ్ పద్ధతిలో లేదు. వాటిని యూనికోడ్‌కి మార్చిన అనుభవం ఎవరికైనా ఉంటే చెప్పండి.