పార్కుల విషయంలో ట్రంప్ పాలన లెక్కలు ఎక్కడ దొరుకుతాయి?

అందరికీ నమస్కారం. అమెరికా నేషనల్ పార్కుల విషయంలో ట్రంప్‌ని విమర్శిస్తూ మా తెలుగు సంఘం పత్రికకి వ్యాసం రాస్తున్నాను. 2017లో యూటాలోని బేర్స్ ఇయర్స్‌ని (పార్కు కాదు, రక్షిత ప్రాంతమే) దాదాపు 85 శాతం కుదించేశారు. 2021లో బైడెన్ వచ్చాక మళ్లీ కలిపారు. 2025 ఫిబ్రవరిలో పార్క్ సర్వీసులో సుమారు వెయ్యి మందిని తీసేస్తే, కాలిఫోర్నియాలోని యోసెమిటీ పార్కు సిబ్బంది ఎల్ కాపిటన్ కొండ మీద నుంచి జాతీయ జెండాని ఆపదకి గుర్తుగా తలకిందులుగా వేలాడదీశారు. ఆ ఫోటో చూస్తే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది.

కానీ పార్కుల మరమ్మతులకి భారీగా నిధులిచ్చిన 2020 చట్టం మీద సంతకం పెట్టిందీ ఆయనే. అది దాచిపెట్టి రాయడం నాకిష్టం లేదు. ఆ డబ్బు ఏ పార్కులో దేనికి ఖర్చయిందో, ఎక్కడ ఎంతమంది రేంజర్లు తగ్గారో ఏడాదివారీగా ఎక్కడ చూడొచ్చు? పార్కుల్లో పనిచేసినవాళ్లు ఎవరైనా ఉంటే కాస్త దారి చూపించండి.