పంటి సందుకీ కోట గోడకీ ఒకటే పేరా?

హిందూపురం_అబ్బాయి:
ఉండేది బెంగళూరు మారతహళ్లి. రెండు నెలల కిందట కింది దవడ పంటికి రూట్ కెనాల్ చేసి క్యాప్ వేశారు. అప్పట్నుంచీ ఏం తిన్నా ఆ సందులోనే. గోంగూర పీచు, కందిపప్పు పొట్టు... మొన్న ఆదివారం అత్తగారింట్లో మటన్ తిని పావుగంట వాష్‌బేసిన్ దగ్గరే నిలబడ్డా. కూర నచ్చలేదేమోనని ఆవిడ ఒకటే కంగారు. క్యాప్ వేసినాయన్ని అడిగితే అలవాటైపోతుంది అంటాడు. ఇంకో డాక్టరేమో "ఎంబ్రేషర్ సరిగా ఇవ్వలేదు" అన్నాడు. అది కోట గోడలో కంత కదా? పంటికేంటి సంబంధం? క్యాప్ మార్పించాలా?

పళ్ల_అక్క:
తమ్ముడూ, జయనగర్‌లో పళ్ల డాక్టర్ని. పక్కపక్క పళ్లు ఆనుకునే చోటు కాంటాక్ట్. అక్కణ్నుంచి బుగ్గవైపు, నాలుకవైపు, పైకి, చిగురువైపు విచ్చుకునే ఖాళీలే ఎంబ్రేషర్లు. నమిలింది వాటి మీదుగా జారిపోవాలి, చెరువుకి అలుగు ఉన్నట్టు. క్యాప్ బొద్దుగా చేస్తే అలుగు పూడినట్టే. కాంటాక్ట్ వదులైతే మరీ తంటా, తిండి నేరుగా చిగురులో దిగబడుతుంది. ఫ్లాస్, అదే పళ్ల సందులు శుభ్రం చేసే దారం, పెట్టి చూడు. టక్కుమని దిగాలి. ఊరికే జారిందా, క్యాప్ మార్చాల్సిందే. అలవాటవడానికి అదేం కొత్త చెప్పులా? అన్నట్టు, చిగురువైపు ఖాళీని చిగురే నింపాలి. 1992లో టార్నో అనే పళ్ల డాక్టరు బృందం కొలిచి చూసింది: కాంటాక్ట్ నుంచి ఎముక దాకా 5 మి.మీ. లోపుంటే దాదాపు అన్ని సందులూ నిండాయి, 7 ఉంటే నాలుగింట ఒకటే. నిండకపోతే నల్లటి త్రికోణం కనిపిస్తుంది. పుల్లలతో మాత్రం కెలక్కు.

కోటల_పిచ్చి:
పేరు కోటదే. పాత ఫ్రెంచిలో కంతని వెడల్పు చేయడమనే మాట నుంచి వచ్చింది. తుపాకీ కంత లోపల వెడల్పు, బయటికి సన్నం. లోపలివాడు తుపాకీ అటూ ఇటూ తిప్పగలడు, బయటివాడికి గురి దొరకదు. పంటి సందుదీ ఆ విచ్చుకునే ఆకారమే. మార్కెట్ పక్కనున్న మన కోట 1537లో కెంపేగౌడ కట్టిన మట్టికోట, 1761లో హైదరలీ రాతితో కట్టించాడు. 1791లో బ్రిటిష్ సేనాని కారన్‌వాలిస్ కంతల జోలికే పోలేదు, ఫిరంగులతో గోడనే పగలగొట్టి దూరాడు.

హిందూపురం_అబ్బాయి:
అక్కా, ఫ్లాస్ పెట్టి చూశా. టక్కూ లేదు టిక్కూ లేదు, నూనె రాసినట్టు జారింది. శనివారం రెండో డాక్టరు దగ్గర క్యాప్ తీయించుకుంటున్నా. ఆదివారానికి అత్తగారింట్లో పప్పుచారు చాలని చెప్పేశా.