నూరియా లోయ, మధ్యయుగపు ఊళ్లు ఒక్కరోజులో కుదురుతాయా?

మేం బార్సిలోనాలో ఉంటాం. వచ్చే నెల అమ్మ వస్తోంది, పిరనీస్ కొండల్లోని నూరియా లోయకి తీసుకెళ్లాలని ఉంది. పైకి రోడ్డు లేదు కాబట్టి కింద ఉన్న రీబెస్ ఊరి నుంచి పళ్లచక్రాల రైలే (నిటారు కొండ ఎక్కేది) ఎక్కాలి, దాదాపు 1,960 మీటర్ల ఎత్తుకి. అక్కడి మరియమాత గుడిలో పిల్లలు కావాలనుకునేవాళ్లు కుండలో తల పెట్టి గంట కొడతారు. ఈ మాట విన్నప్పటి నుంచి అక్క కోసం మొక్కుకోవాలని అమ్మ ఒకటే పట్టు.

తిరిగొచ్చేటప్పుడు దారిలోని కెరాల్బ్స్ ఊళ్లో దిగి రాతి ఇళ్లు, పాత చర్చి చూడాలి. బెసలూ అనే మధ్యయుగపు ఊళ్లోని పాత వంతెన కూడా అదే రోజు కలపొచ్చా, మరీ హడావుడి అవుతుందా? నాకైతే గుడి దగ్గర తీరిగ్గా గడపడమే ముఖ్యం.

అమ్మకి బీపీ, మోకాళ్ల నొప్పులు ఉన్నాయి. అదే నా టెన్షన్. ఆ ఎత్తులో ఆయాసం వస్తుందా? రైలు దిగాక మెట్లు ఎక్కాలా? పెద్దవాళ్లతో వెళ్లొచ్చినవాళ్లు దయచేసి చెప్పండి.